నయమైన కోడలు

మే నెల చివరికి మా ఊళ్ళో ఎవరి పక్కన నిలబడినా ఒకటే వాసన. తడిమట్టి, పొగ, వాము నలిపినట్టుండే ఘాటు, మూడూ కలిసి. ఛ్వాన్‌షోంగ్ దుంపలు తవ్వి ఆరబెట్టే రోజులవి. బయటివాళ్ళు బస్సు దిగగానే ముక్కు మూసుకుంటారు. మాకది కూటి వాసన. దేశంలో ఏ మూల ఏ మూలికావైద్యుడు తలనొప్పికి మందు రాసినా చీటీలో మొదటి పేరు మా దుంపదేనని పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు.

అలాంటి ఊళ్ళో, ఆ దుంపతోనే తలనొప్పి కుదురుస్తాడని పేరుపడ్డ జువో వైద్యుడికి కోడలినై, పదకొండేళ్ళపాటు నెలకి ఆరేడు రోజులు తలుపేసుకుని పడుకున్నదాన్ని నేను. ఎడమ కనుబొమ మీద ఎవరో బొటనవేలు పెట్టి నొక్కినట్టు మొదలయ్యేది. గంట తిరక్కుండా కన్ను వెనక్కి, అక్కణ్ణించి చెవి వెనక్కి పాకేది. వెలుతురు పడితే వాంతి. పక్కింట్లో మూత కిందపడితే వాంతి. అన్నిటికన్నా అన్యాయం, ఆ దుంపల వాసన తగిలితేనే నొప్పి లేచేది.

"నూనె అమ్మేవాడి పెళ్ళాం నీళ్ళతో తల దువ్వుకుంటుందట" అని బజార్లో ముల్లంగి అమ్మే ఆవిడ మా అత్తయ్య వినేలా అనేది. అత్తయ్య ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా పెట్టేది. నాకు వాంతి అయ్యేది.

తొంభై ఆరో సంవత్సరం వసంతంలో మామయ్య నాకోసం కొత్త చీటీ రాశాడు. ఎనిమిది దినుసులు. దుంప ముక్కలని బియ్యపు సారాలో తడిపి, తనే బాణలిలో వేయించాడు. ఇంట్లో ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. "నలభై పొట్లాలు తాగమ్మా. నలభై ఒకటో రోజున మాట్లాడుకుందాం" అన్నాడు. కోడలితో ఆయన మాట్లాడే మాటల్లో అది చాలా పొడుగు మాట.

ఒక్కో పొట్లాన్నీ రెండుసార్లు కాచాలి. నానబెట్టి, మట్టికుండలో సన్నని మంటమీద ఒకసారి. ఆ నీళ్ళు వంపుకుని, కొత్త నీళ్ళు పోసి రెండోసారి. రెండూ కలిపి పొద్దున సగం, సాయంత్రం సగం. మొదట్లో బుద్ధిగానే చేశాను. కొంచెం తేలికగా ఉన్నట్టు కూడా అనిపించింది. కానీ ఆ చలికాలం నుంచే నాకు ఇంకో అలవాటు ఉంది. సబ్బులు, సిగరెట్లు అమ్మే కొట్లో తలనొప్పి పొడి దొరికేది. వేలెడంత కాయితం పొట్లం. విప్పి నాలుక మీద పోసుకుంటే పావుగంటలో లోకం మళ్ళీ లోకంలా ఉండేది. మా వీధి ఆడవాళ్ళలో సగంమందికి దానితోనే కాలూ చెయ్యీ ఆడేవి. మొదట రోజుకి ఒకటి. తర్వాత రెండు. దుంపల కోత మొదలయ్యేసరికి ఆరు. పని చేసేటప్పుడు బట్టలకి మట్టి అంటకుండా మోచేతిదాకా తొడుక్కునే గుడ్డ తొడుగులుంటాయి కదా, వాటిలో దాచుకునేదాన్ని.

కోత పనిలో రెండుసార్లు కాచే తీరిక ఎక్కడిది? ఒకసారి పైపైన కాచి, రెండు గుక్కలు తాగి, మిగతాది కాలవలో పోసేదాన్ని. పిప్పి మాత్రం పద్ధతి ప్రకారం వీధి మలుపులో దారి మధ్యన కుమ్మరించేదాన్ని. నడిచేవాళ్ళు తొక్కుకుంటూ పోతే రోగం వాళ్ళ చెప్పులకంటుకుని ఊరు దాటిపోతుందని మా నమ్మకం.

మే నెలాఖరులో ఒకరోజు మామయ్య నన్ను ఆపి అడిగాడు. "పది రోజులుగా నువ్వు పడుకోలేదు. చూస్తూనే ఉన్నాను. తగ్గిందా అమ్మా?"

ఆయనకి అప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. ఆ మొహంలో పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లవాడి ఆత్రం చూశాను.

"తగ్గింది మామయ్యా" అన్నాను.

ఆయన టీ కొట్టుకి వెళ్ళాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

*

లాన్‌జీ నాతోపాటు చదువుకుంది. ఊరి బడిలో లెక్కలు చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు, అడిగినవాళ్ళకి "కూడికలు చాలు, గుణకారాలు నాకొద్దు" అని జవాబు. ఏటా కోత రోజుల్లో ఆదివారాలు మా ఆరబెట్టే పాకకి వచ్చేది. మంటమీద తడికలపై ఆరిన దుంపల్ని పొడుగాటి వెదురు గంపలో పోసి, ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఊపాలి. మట్టి, పీచువేళ్ళు రాలిపోయి దుంప నున్నగా తేలుతుంది. ఆ పనికి జత కుదరాలి. నాకు లాన్‌జీతోనే కుదిరేది.

"ఊపవే. జోల పాడుతున్నావా?" అంది ఆ ఆదివారం.

"నువ్వే ఆగుతున్నావు. ముసలిదానివైపోయావు."

ఆమె కొస వదిలేసి గుంజకి ఆనుకుంది. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. నేనా భంగిమని గుర్తుపట్టాను. అద్దంలో చూసుకున్నట్టుంది.

"నీకెప్పటినుంచే?"

"కొత్త సంవత్సరం పండగ అయినప్పట్నుంచి. పొద్దున లేవగానే. ముందు సుద్దముక్కల దుమ్మనుకున్నా. వంగితే ఎక్కువవుతుంది. బడికొచ్చే డాక్టరు చెంగ్డూ పెద్దాసుపత్రికి వెళ్ళి తలకి ఫోటో తీయించుకో అన్నాడు."

"వెళ్ళు మరి."

"మా నాన్న వెళ్ళాడుగా. కడుపు కోసి చూద్దామన్నారు. కోశారు, చూశారు, కుట్టి ఇంటికి పంపారు. పదకొండు రోజులు." కళ్ళు తెరిచి నన్ను చూసింది. "నీకు మీ మామగారి మందుతో నయమైందని ఊరంతా ఒకటే కోడై కూస్తోంది. నిజమేనా?"

నేను గంపలోకి చూశాను.

"పిల్లలకి నేనేం చెబుతానో తెలుసా? సూత్రం మీద నమ్మకం లేకపోతే ఒక లెక్క చేసి చూసుకోండ్రా అంటాను. మీ మామగారి సూత్రాలు నాకు తెలీవు. నువ్వు తెలుసు. పదకొండేళ్ళుగా నీ తలనొప్పి చూశాను. నీకు తగ్గితే నాకు తగ్గుతుంది. చెప్పు."

అప్పుడే అత్తయ్య టీ గిన్నెతో పాకలోకి వచ్చింది. "ఆ మొహం చూడు టీచరమ్మా, నోటితో చెప్పాలా ఏంటి! పోయినేడు ఈ రోజుల్లో బక్కెట్టు పక్కన పెట్టుకుని పడుంది. ఇవాళ ఇద్దరి పని ఒక్కతే చేస్తోంది. చెప్పవే, నోట్లో దుంప పెట్టుకున్నావా?"

"తగ్గింది" అన్నాను. చెయ్యి కదిపితే తొడుగులో కాయితం చప్పుడు చేసింది. మంట చిటపటల్లో ఎవరికీ వినపడలేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆ క్షణంలో నాకు లాన్‌జీ తల గురించి భయం వెయ్యలేదు. తలనొప్పి అంటే నాకు తెలిసిందొక్కటే, అది నాది. చంపదు, బతకనివ్వదు. ఆమెదీ అంతే అనుకున్నాను. మామయ్య మందు తాగితే నష్టమేముంది, కాస్త తేలికపడుతుంది కదా అనుకున్నాను.

*

జూన్ మూడో తేదీన లాన్‌జీ మా మందుల కొట్టుకి వచ్చింది. మామయ్య చిన్న దిండు మీద ఆమె మణికట్టు పెట్టించి మూడు వేళ్ళు ఆనించాడు. ముందు ఎడమచెయ్యి, తర్వాత కుడి. నాలుక చూశాడు. నిద్ర అడిగాడు, నెలసరి అడిగాడు.

"గాలి తలకెక్కింది. రక్తం దానికి దారివ్వట్లేదు" అన్నాడు. "మా కోడలికి రాసినదే కొద్దిగా మార్చి ఇస్తాను. ఐదు పొట్లాలు."

సొరుగులు తెరిచి మందులు తూచింది నేనే. పొట్లాలు కట్టి, దారంతో ఒకదానిమీద ఒకటి బిగించి ఇచ్చాను.

"రెండుసార్లు కాచాలి" అన్నాను. "మర్చిపోకు."

"నేను లెక్కల టీచర్ని. రెండంటే రెండే" అని నవ్వింది.

ఆమె నిజంగానే రెండుసార్లు కాచింది. ఒక్క చుక్క వదల్లేదు. ఐదు పొట్లాలయ్యాక మళ్ళీ ఐదు తీసుకెళ్ళింది. రెండోసారి వచ్చినప్పుడు మొహం పీక్కుపోయి ఉంది.

"ఎలా ఉందే?" అన్నాను.

"నీకెన్ని రోజులకి తెలిసింది?"

"నాకు... ఇరవై రోజులు పట్టింది."

"అయితే ఇంకా పదిహేను ఉన్నాయన్నమాట" అని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే బడి నౌకరు మా కొట్లో దగ్గుమందు తీసుకుంటూ యథాలాపంగా అన్నాడు: "లెక్కల టీచరమ్మ నిన్న నల్లబల్ల దాటి గోడమీద రాసేసిందండీ! పిల్లలు ఒకటే నవ్వు." అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే ఒకటి తట్టింది. పదకొండేళ్ళలో నా తలనొప్పి నాకు ఎన్ని చేసినా గోడమీద రాయించలేదు.

మర్నాడు మధ్యాహ్నం పాకలో అన్నాలు తింటున్నప్పుడు మా ఆయన దఖాయ్‌తో చెప్పేశాను. తొడుగు విప్పి పొట్లాలు చూపించాను. ఆయన గిన్నె కిందపెట్టాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"చలికాలం నుంచి."

"మరి నాన్న మందు?"

"కాలవలో."

ఆయన మెత్తనివాడు. ఊళ్ళో అందరూ పెళ్ళాం మాట వినే చెవి అని ఆటపట్టించేవారు. ఆరోజు మాత్రం వినలేదు. "పండగ దాటనీ పెయ్‌రోంగ్" అన్నాడు. "డ్రాగన్ పడవల పండక్కి కొట్టు నిండా జనం ఉంటారు. ఏడాదికి సరిపడా పేరు ఆ రెండురోజుల్లోనే వస్తుంది. నాన్నని ఇప్పుడు కూలదొయ్యకు. పండగయ్యాక నేనే చెబుతాను. పదిరోజుల్లో ఏం మునిగిపోతుంది?"

"లాన్‌జీకి బాగోలేదు."

"నీకు పదకొండేళ్ళు బాగోలేదు. చచ్చావా?"

అనేశాక ఆయనే తలదించుకున్నాడు. నిజానికి ఆ మాట నాకు ఆసరాగా దొరికింది. తొడుగు మళ్ళీ తొడుక్కున్నాను. సాయంత్రంలోగా మూడు పొట్లాల పొడి మింగాను.

*

చాంద్రమానం లెక్కలో ఐదో నెల ఐదో రోజున, అంటే ఆ ఏడు జూన్ ఇరవైన, డ్రాగన్ పడవల పండగ. మా దగ్గర ప్రతి గుమ్మానికీ మాచిపత్రి కట్టలు, వస ఆకులు కట్టాలి. తెల్లారేసరికి కొట్టు ముందు జనం మూగారు. పిల్లల మెడల్లో మూలికల సంచులు. అత్తయ్య ఆకులో చుట్టి ఉడికించిన అన్నం ముద్దలు వచ్చినవాళ్ళ చేతుల్లో పెడుతోంది. మామయ్య కొత్త చొక్కా వేసుకుని బల్ల వెనక కూర్చున్నాడు. "కోడలిగారిని నిలబెట్టారటగా" అని ఒకాయన అంటే, "మందు నిలబెడుతుంది, మనమెంత" అన్నాడు. కానీ ఎందుకో ఆ మాట అంటూ నావైపు చూడలేదు.

లాన్‌జీ వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. జనం దారిచ్చారు. బడిలో టీచరంటే అందరికీ గౌరవమే.

"పొద్దున్నే వాంతులవుతున్నాయండీ" అంది మామయ్యతో. "మందు తాగకముందే. ఒక్కోసారి ఒకటి రెండుగా కనపడుతోంది."

మామయ్య నాడి పట్టుకున్నాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టుకున్నాడు. వేళ్ళు తీసి మళ్ళీ పెట్టాడు.

"గాలి కదులుతోంది" అన్నాడు చివరికి. "పుట్టలోంచి బయటికొచ్చేముందు పాము బుసకొడుతుంది. కంగారుపడకూడదు. దుంప పాలు పెంచుతాను. ఇంకో ఐదు పొట్లాలు."

"అంతేనంటారా?" అంది వాళ్ళమ్మ.

"మా కోడలికీ ఇంతే అయింది" అన్నాడు మామయ్య. కలం అందుకున్నాడు.

నాకెప్పుడూ వాంతులు పొద్దున్నే అవ్వలేదు. ఒకటి రెండుగా కనపడలేదు. ఆయనకి తెలుసు.

తూచాను. కట్టాను. పొట్లాల కట్ట బల్లమీద పెట్టి ఆమెవైపు జరిపాను. లాన్‌జీ చెయ్యి చాపింది. ఆ చెయ్యి కట్టకి నాలుగు వేళ్ళ ఎడంగా, ఖాళీ బల్లమీద వాలింది. అక్కడ తడిమింది. లేదు. కాస్త సిగ్గుగా నవ్వి మళ్ళీ తడిమింది.

"లాన్‌జీ" అన్నాను. "నాకు తగ్గలేదు."

"ఏంటి తగ్గనిది?"

"తలనొప్పి. ఒక్కరోజు కూడా తగ్గలేదు. నేనా మందు సరిగ్గా తాగలేదు. ఇది మింగుతున్నాను." తొడుగులోంచి పొట్లాలు తీసి బల్లమీద పెట్టాను. ఐదు నిండువి, రెండు ఖాళీవి. "నీది ఇలాంటిది కాదు. ఇంకేదో. ఇవాళే చెంగ్డూ వెళ్ళు."

ముందు అత్తయ్య తేరుకుంది.

"పండగపూట అవేం మాటలే! మంట దగ్గర పనిచేసి పనిచేసి దీనికి ఎండదెబ్బ తగిలింది. పట్టించుకోకండమ్మా, తీసుకోండి, ముద్దలు తీసుకోండి..."

లాన్‌జీ నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది. "ఏడో తరగతిలో నా పుస్తకం చూసి లెక్కలు రాసినదానివి" అంది మెల్లిగా. "నీ లెక్క నమ్మాను చూడు." ఆమె పక్కకి ఒరిగింది. వాళ్ళమ్మ, నేను కలిసి బల్ల పక్క ముక్కాలి పీటమీద కూర్చోబెట్టాం.

మామయ్య చీటీ సగంలో ఉంది. ఆయన కలానికి మూత పెట్టాడు. నావైపు చూడకుండా కొడుకుని పిలిచాడు.

"దఖాయ్, సహకార సంఘం వ్యాను అడుగు. చెంగ్డూ దాకా."

"నాన్నా..."

"అడుగు. నేనూ వస్తున్నాను. ఇన్నాళ్ళూ ఏం తాగించామో అక్కడివాళ్ళు అడుగుతారు." లాన్‌జీకి రాసిన చీటీలన్నీ తీసి, మడిచి, కొత్త చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జీవితంలో ఎప్పుడూ పెద్దాసుపత్రి గడప తొక్కనివాడు వ్యానులో వెనక, ఆమె తల కుదపకుండా పట్టుకుని కూర్చున్నాడు.

*

పుర్రెలో వెనకవైపు కోడిగుడ్డంత గడ్డ. రెండురోజుల్లో కోశారు. బతుకుతుందన్నారు. చూపు సంగతి తర్వాత చూద్దామన్నారు.

మామయ్య మూడోరోజు బస్సులో తిరిగొచ్చాడు. అక్కడి డాక్టరు ఒకడు, ఈయన మనవడి వయసు వాడు, చీటీలు చదివి పక్కన పెట్టి, "తాతగారూ, దీనివల్ల గడ్డ పెరగలేదు, తరగలేదు. రోజులు పోయాయి, అంతే" అన్నాడట. ఆ మాట మామయ్య ఎవరికీ చెప్పలేదు. వెంట వెళ్ళిన దఖాయ్ నాకు చెప్పాడు.

ఆ డాక్టరే నా పొడి సంగతి కూడా విని, అది ఆపందే ఆవిడ తలనొప్పి ఆగదు, పొడే పొడిని అడుగుతుంది అన్నాడట. ఆపాను. ఎనిమిది రోజులు. వాటి గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. చెమటలు పట్టాయి. అత్తయ్య గది గుమ్మం దాకా వచ్చి, "ఊరంతటి ముందూ మా పరువు వీధిలో పోశావు, ఇప్పుడు ఆ మూలుగులెందుకు?" అని, అంతలోనే గంజి గిన్నె లోపలికి నెట్టి వెళ్ళేది. అందులో నాకిష్టమైన ఊరగాయ ఆవకూర ముక్కలుండేవి.

మూడోరోజు మధ్యాహ్నం కాస్త తెరిపిచ్చింది. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళితే మామయ్య పొయ్యి ముందు గొంతుక్కూర్చుని విసనకర్రతో విసురుతున్నాడు. మట్టికుండలో నా మందు. ఆ ఇంట్లో మగవాళ్ళు మందు రాయడమే కానీ కాయడం నేనెప్పుడూ చూడలేదు.

"మొదటిది వంపేశాను. ఇది రెండోది" అన్నాడు.

నేను గడప మీద కూర్చున్నాను.

"పండక్కి ఆరురోజుల ముందు" అన్నాడు, మంటనే చూస్తూ, "పొద్దున నడకకి వెళ్ళి వస్తూ మలుపులో నువ్వు పోసిన పిప్పి తొక్కాను. రెండుసార్లు కాచిన ముక్క కాలికింద మెత్తగా నలిగిపోవాలి. విరిగింది. చప్పుడైంది కూడా. వంగి వాసన చూశాను. మందంతా అందులోనే ఉంది."

"మరి నన్ను అడగలేదేం మామయ్యా?"

ఆయన విసరడం ఆపలేదు.

"అడిగితే చెప్పేసేదానివి కదా" అన్నాడు.

కుండ ఉడుకుతోంది. ఇద్దరం దానివైపే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఆయన గుడ్డతో కుండ పట్టుకుని, మొదటి నీళ్ళలో రెండోవి కలిపి, గిన్నె నా ముందు పెట్టాడు. తాగాను. తగ్గుతుందని ఆయన అనలేదు.

*

ఆగస్టులో, కొండమీంచి విత్తనానికి వాడే కాడల కణుపులు తెచ్చి మళ్ళీ పొలాల్లో నాటే రోజుల్లో, లాన్‌జీ తిరిగి వచ్చింది. నీలం గుడ్డ టోపీ పెట్టుకుంది. ఎడమకన్ను తెరిచే ఉంది కానీ ఎవరినీ చూడట్లేదు. నేను వసారాలో కణుపులు కోస్తున్నాను. పీట జరిపి కూర్చుంది.

"ఇకమీదట క్లాసులో ఎడంపక్క పిల్లలు ఎంత అల్లరి చేసినా నాకు కనపడదు. వెధవలకి అప్పుడే తెలిసిపోయింది. అందరూ అటే కూర్చుంటామంటున్నారు" అంది.

నవ్వాలని చూశాను. కుదరలేదు.

"జూన్ మూడు" అంది. "ఇరవై. పదిహేడు రోజులు."

"ఊఁ."

"డాక్టర్ని అడిగాను. పదిహేడు రోజుల ముందు వచ్చుంటే ఈ కన్ను ఉండేదా అని. చెప్పలేం అన్నాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే. లెక్కలు చెప్పుకునేదానికి అలాంటి జవాబు ఇస్తే ఏం చేసుకోనే?" ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒడిలో వేసుకుంది. "ఉండేది అంటే నిన్ను చంపేదాన్ని. ఉండేది కాదు అంటే వచ్చి నీతో గంప ఊపేదాన్ని."

"తిట్టు లాన్‌జీ."

"తిడదామనే వచ్చాను. దారిపొడుగునా మాటలు పేర్చుకున్నాను. నీ మొహం చూస్తే ఒక్కటీ రావట్లేదు. అది కూడా నువ్వే చెడగొట్టావు." టోపీ సర్దుకుని అడిగింది. "ఆ రోజు చెప్పకపోతే?"

"తెలీదు."

"చెప్పేదానివా, ఆ మర్నాడు?"

"తెలీదు" అన్నాను. "పండగయ్యాక చెబుదామనుకున్నాం. కానీ అలా చాలా అనుకుంటాం కదా."

ఆమె తలూపింది. అదొక్కటే ఆమెకి నచ్చిన జవాబనుకుంటాను. లేచింది. గుమ్మం దగ్గర నా భుజం గట్టిగా పట్టుకుంది. మెట్టు దిగడానికో, మరిదేనికో నాకు తెలియలేదు. తర్వాత బజార్లో కలిస్తే పలకరించేది, బడి కబుర్లు చెప్పేది. ఆదివారాలు మాత్రం మా పాకకి మళ్ళీ రాలేదు.

నా తలనొప్పి మాటంటారా? పొడి మానేశాక, రెండుసార్లు కాచిన మందు మూడునెలలు తాగాక, నెలకి ఆరేడు రోజులు మూడయ్యాయి. పొడి మానడం వల్లో, మందు వల్లో నేను చెప్పలేను. మామయ్యా చెప్పలేదు.

కొట్టుకి జనం తగ్గారు. మా ఊరివాళ్ళు మొహం చాటేశారు. కబురు చేరని దూరపు ఊళ్ళ వాళ్ళే అప్పుడొకరు, అప్పుడొకరు వచ్చేవారు. సెప్టెంబరు చివర ఒకామె వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. రెండు బస్సులు మారి వచ్చానంది. నేను తెర వెనక కత్తితో దుంపలు పలచగా తరుగుతున్నాను. అంతా వినపడుతోంది. మామయ్య నాడి చూశాడు, నాలుక చూశాడు. అంతకుముందు ఎవరినీ అడగనివి కూడా అడిగాడు. నొప్పి ఏ వేళకి లేస్తుంది, వాంతి ఎప్పుడవుతుంది, అక్షరాలు వంకరగా కనపడతాయా, ఏవైనా పొడులు మింగుతున్నావా.

"మీ సొంత కోడలికి పదకొండేళ్ళ తలనొప్పి ఈ మందుతోనే పోయిందటగా డాక్టరుగారూ!" అంది ఆమె. "మా పిన్ని చెప్పింది. అందుకే వచ్చాను."

నా కత్తి ఆగిపోయింది.

"పోలేదు" అన్నాడు మామయ్య.

"అదేంటండీ?"

"సగం తగ్గింది. అది కూడా దేనివల్లో నాకు తెలీదు. నీకు తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. నెలరోజులు చూద్దాం. ఈలోపల చూపులో తేడా వచ్చినా, పొద్దున్నే వాంతులు మొదలైనా నా దగ్గరికి రాకు. నేరుగా ఆసుపత్రికి వెళ్ళు."

కుర్చీ జరిగిన చప్పుడైంది. తెర సందులోంచి చూశాను. ఆమె సంచీ తీసుకుని, "మళ్ళీ వస్తాను లెండి" అని మర్యాదకి అంటూ గడప దాటుతోంది. మామయ్య వెనక్కి పిలవలేదు. ఆమె చెయ్యి ఆన్చిన చిన్న దిండుని దులిపి, గుంట పడినచోట తట్టి, తర్వాత వచ్చేవాళ్ళకోసం సరిగ్గా పెట్టాడు. బయట బెంచీ మీద ఎవరూ లేరు.

"కత్తి ఆపావేం అమ్మా?" అన్నాడు ఇటు తిరక్కుండానే.

నేను మళ్ళీ తరగడం మొదలుపెట్టాను.